నాన్నా, బండి దిగు

మా తమ్ముడు వెలాఫి పుట్టినప్పటినుంచీ నిదానం మనిషి. బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చుని ఎటో చూస్తూ ఉండిపోయేవాడు, ఊరొచ్చినా దిగేవాడు కాదు. ఎనిమిదేళ్ళప్పుడు అలాగే కూర్చుని డండీ పట్నం దాకా వెళ్ళిపోతే, మా అమ్మ తర్వాతి బస్సు పట్టుకుని వెళ్ళింది. బస్టాండు బెంచీ మీద తీరిగ్గా నారింజ పండు వలుచుకుంటున్న వాణ్ణి చెవి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ రోజునుంచి ఏ బండిలోంచి దింపాలన్నా అమ్మ వాణ్ణి తిట్టే దింపేది. మామూలుగా పిలిస్తే వాడి చెవికెక్కేది కాదు. అలాంటివాడు పెద్దయ్యాక లారీ డ్రైవరయ్యాడని తెలిసి ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ నిదానం మనిషిని మేము ఆసుపత్రిలో వదిలేసి వచ్చాం.

మహమ్మారి రోజులవి. డర్బన్ రేవులో సరుకు ఎక్కించుకుని బోట్స్వానాకి బయల్దేరాడు. అక్కడే వాడి భార్య, వాడి ఒక్కగానొక్క కూతురు. దారిలో జ్వరం ముంచుకొచ్చి పీటర్‌మారిట్స్‌బర్గ్ పెద్దాసుపత్రిలో చేరాడు, తొమ్మిదో రోజున పోయాడు. పెట్టెకి మేకులు కొట్టి పంపారు. పదిమందిమి నిలబడి గంటలో మట్టి కప్పేశాం. సరిహద్దు మూసేశారు గనక భార్యా కూతురూ రాలేకపోయారు. ఆసుపత్రిలోకి ఎవర్నీ అడుగు పెట్టనివ్వని రోజులు గనక, వాణ్ణి పిలుచుకురావడానికి మేమూ వెళ్ళలేకపోయాం.

మాలో ఇంటికి దూరంగా పోయినవాళ్ళని వెళ్ళి పిలుచుకురావాలి. శరీరం ఇల్లు చేరినంత మాత్రాన మనిషి చేరినట్టు కాదు. ముళ్ళ రేగు కొమ్మ పట్టుకుని, ఆ మనిషి పోయిన మంచం దగ్గర నిలబడి, పద ఇంటికి పోదాం అనాలి. దారిపొడవునా చెబుతూనే ఉండాలి: మెట్లు దిగుతున్నాం, బండెక్కుతున్నాం, ఇదిగో నది. చెప్పడం మరిచిపోతే, మరిచిపోయిన చోటే ఉండిపోతారు. కొమ్మ పట్టుకున్నవాళ్ళు దారిలో ఇంకెవరితోనూ మాట్లాడకూడదు, ఇంకెవరూ పోయిన మనిషితో మాట్లాడకూడదు. రెండు గొంతులు వినపడితే ఎవరి వెంట రావాలో తెలీక తికమకపడతారు.

వాడు నా కలలోకి రావడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి చొక్కాలో మంచం అంచున కూర్చుని, "అక్కా, బండి వచ్చిందా?" అని అడిగేవాడు. ఎప్పుడొచ్చినా అదే మాట. మెలకువొచ్చాక నేను దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేదాన్ని.

సరిహద్దులు తెరిచాక వాడి కూతురు నొమాలంగా సమాధి చూడ్డానికి వచ్చింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, వెలాఫి నుదురు, వెలాఫి చెవులు. బస్సుల్లో రెండు రోజులు ప్రయాణం చేసి, గుమ్మంలో బ్యాగు పడేసి, ఇంగ్లీషులో నీళ్ళడిగింది. మా భాష ఒక్క ముక్క రాదు. వెలాఫి పెళ్ళాంతో ఆమె భాషలో మాట్లాడాడు, కూతురితో ఇంగ్లీషులో మాట్లాడాడు. మన భాష అక్కడ ఎవరికి పనికొస్తుందక్కా అనేవాడు.

మా అన్న భెకుముజి ఇంటి పెద్ద. ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాన్నని వెళ్ళి పిలుచుకురావాలని, దారంతా మా భాషలోనే మాట్లాడాలని చెప్పాడు. ఆయన మాటలు నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆమె మాటలు మా భాషలో చెప్పాను.

"నేను పుట్టినప్పటినుంచీ నాన్న నాతో ఇంగ్లీషులోనే మాట్లాడాడు పెదనాన్నా. ఇప్పుడు మాత్రం ఎందుకు అర్థం కాదు?" అంది పిల్ల.

"వాడికి అర్థమవుతుందమ్మా. కానీ వాడొక్కడే వస్తాడా? వాణ్ణి తోడుకురావడానికి ఎప్పుడో పోయిన మా నాన్నొస్తాడు, మా తాతొస్తాడు. మా తాతకి తెలిసిన ఇంగ్లీషు ఒకటే, గుడిసెకి ఇంత పన్ను కట్టమనడానికొచ్చిన దొర ఇంగ్లీషు. అది వినపడితే ఆయన కర్ర తీసుకుని కొండెక్కేస్తాడు, మళ్ళీ దిగడు."

"అయితే కొమ్మ మీరే పట్టుకోండి."

"పట్టుకుంటాను, దానికేం. నేను పిలిస్తే వాడు రావాలిగా! బతికున్నప్పుడు ఒక్కరోజైనా నా మాట విన్నాడా? కన్నకూతురు పిలవడం వేరమ్మా." మోకాళ్ళు రుద్దుకుంటూ అన్నాడు, "వచ్చే అక్టోబరు దాకా చూస్తాను. దారంతా మాట్లాడగలిగితే కొమ్మ నీది. లేకపోతే నేనే వెళ్తాను, వస్తే వస్తాడు, లేకపోతే లేదు."

ఆ సాయంత్రం ఆమె నా కుట్టుమిషను పక్కన కూర్చుంది. "నాన్న నిద్రలో మాట్లాడేవాడత్తా, మీ భాషలో. అమ్మా నేనూ పక్క గదిలోంచి వినేవాళ్ళం, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా నాన్న సగం నాకు తెలీనే తెలీదు" అంది. నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ విన్నాను.

ఆ ఏడాది ఆమె చదువు నేను ఫోనులో విన్నదే. బోట్స్వానాలో, గాబరోన్‌లో ఒక మందుల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా సీసాలకి చీటీలంటించే చేతులు ఇంట్లో ఊరుకుంటాయా? తలుపుకి చీటీ, గిన్నెకి చీటీ, అద్దానికి చీటీ, ప్రతిదాని మీదా మా భాషలో పేరు. "వదినా, నా ఫ్రిజ్ ఏ రంగో నేనే మర్చిపోయాను" అని వాళ్ళమ్మ ఫోనులో మొరపెట్టుకుంది. పొద్దున పనికెళ్ళే ముందు అరగంట కూర్చుని ఒక పుస్తకంలో ఐదు వాక్యాలు రాసేది. ఇస్త్రీ చేసేటప్పుడు రేడియోలో మా భాష వార్తలు పెట్టుకునేది. ఆదివారం నాకు వాయిస్ మెసేజ్ పంపేది. అక్కడ నేర్పే మాస్టారు లేడు, మాట కలిపే పక్కింటివాళ్ళు లేరు. పాఠం చెప్పుకునేదీ తనే, పరీక్ష పెట్టుకునేదీ తనే. నాలుకతో టక్కుమనిపించే శబ్దాలు మా భాషలో మూడున్నాయి. పళ్ళ దగ్గర ఒకటి, అంగిలి మీద ఒకటి, బుగ్గ పక్కన ఒకటి. బస్సులో వాటిని సాధన చేస్తుంటే, కోళ్ళని పిలుస్తున్నావా అమ్మాయ్ అని పక్క సీటావిడ అడిగిందట.

నేను ఆమెకి నేర్పిందేమీ లేదు. తిట్టాను, అంతే. చర్చి సంఘాల ఆడవాళ్ళకి యూనిఫారాలు కుట్టడం నా పని. మిషను తొక్కుతూనే ఫోను నోటి దగ్గర పెట్టుకుని జవాబు చెప్పేదాన్ని. నా నోరు అచ్చం మా అమ్మ నోరు. ఆ నోటికి జడిసే నన్నెవరూ పెళ్ళి చేసుకోలేదని మా అన్న అంటాడు, నన్ను అడిగినవాళ్ళెవరూ నాకు నచ్చలేదని నేనంటాను. ఆమె తడబడిందంటే, "ఏంటా సాగదీయడం? మాట గొంతులో గూడు కట్టుకుందా?" అనేదాన్ని. ఆదివారం మెసేజ్ సోమవారం వచ్చిందంటే, "ఇంకా అక్కడే ఉన్నావా? ఒళ్ళు కదలదా? పొద్దు నీకోసం ఆగుతుందా?" అనేదాన్ని. మధ్యమధ్యలో వాళ్ళ నాన్న కబుర్లు కూడా చెప్పేదాన్ని, డండీ బస్సు కథతో సహా.

మేలో ఒక ఆదివారం నోరు జారాను. ఆమె పాపం వాన గురించి ఏదో చెప్పింది. వానంతా తప్పుల్లో తడిసిపోయింది. ఆ రోజు నాకు ఒక కుట్టు మూడుసార్లు విప్పాల్సొచ్చి మండుతూ ఉంది. "మేక మేత నమిలినట్టుంది నీ మాట. ఇది వింటే వెలాఫి దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంటాడు" అన్నాను.

ఆ తర్వాత ఆదివారం మెసేజ్ రాలేదు. జూన్ గడిచింది, జులై గడిచింది. వాళ్ళమ్మకి ఫోను చేస్తే, చీటీలన్నీ పీకి సొరుగులో పడేసింది వదినా అంది. వార్తలు పెట్టుకుంటే ఎండా వానా తప్ప ఏమీ అర్థం కావట్లేదని, ఇంత చదివీ ఇంకా ఒడ్డునే ఉన్నానని ఏడ్చిందట. నేనన్న మాట మాత్రం వాళ్ళమ్మకి చెప్పలేదు. అది నన్ను ఇంకా కుంగదీసింది. తప్పు నాది. కానీ క్షమించమనడం నా నోటికి అలవాటు లేదు. కొత్తగా కుట్టిన యూనిఫారం ఫొటో ఒకటి పంపాను. చూసింది, జవాబివ్వలేదు. అక్టోబరులో నేనే వెళ్తానులే అని మా అన్న మోకాళ్ళకి నూనె రాయించుకోవడం మొదలుపెట్టాడు. వెలాఫి నా కలలో బండి వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడు.

ఆగస్టు మొదట్లో మెసేజ్ వచ్చింది, మా భాషలో, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీలుస్తూ.

"అత్తా. నేను పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరిచాను. భాష మొత్తం... నాకు భయం. అందుకని దారి నేర్చుకుంటాను. ముందు ఆసుపత్రి నుంచి గ్రేటౌన్ దాకా. అది వస్తే మూయి నది దాకా. అది వస్తే తుగేలా నది దాకా. తర్వాత ఇల్లు. అంతే, ఇంకేం వద్దు."

నేను దాన్ని నాలుగుసార్లు విన్నాను. తప్పులు లేకపోలేదు. ఒక్కటీ ఎత్తిచూపలేదు. "గ్రేటౌన్‌లో బండి మారాలి, మర్చిపోకు" అని మాత్రం పంపాను.

అప్పటినుంచి ఆమె అడిగేవి దారి గురించే. ఆసుపత్రికి మెట్లెన్ని? వ్యాన్ల అడ్డా ఎంత దూరం? కొండ ఎక్కడ దిగుతుంది? నేను చెప్పింది వాక్యాలుగా మార్చి, తన గొంతుతోనే రికార్డు చేసుకుని, పనికి నడిచి వెళ్తూ వినేదట. ఇంటినుంచి దుకాణానికి సరిగ్గా గ్రేటౌన్ దాకా పడుతుందత్తా అంది ఒకసారి. తిరిగొచ్చేటప్పుడు మూయి నది దాకా వచ్చేదట. ఒక పేజీ చూడకుండా అప్పజెప్పగలిగితే తప్ప రెండో పేజీ తిప్పకూడదని తనకి తనే నియమం పెట్టుకుంది. సెప్టెంబరు చివరికి తుగేలా దాటింది.

అక్టోబరు ఆరున దిగింది. గుమ్మంలో బ్యాగు పడేసి మొట్టమొదట అన్న మాట, నీళ్ళు. ఇంగ్లీషులోనే! అన్నాక నాలుక కరుచుకుంది. నేను నీళ్ళు తెచ్చిస్తూనే భయపడ్డాను. అలసిపోతే మనిషికి తన భాషే నోటికొస్తుంది, రేపు ఎండలో రోజంతా ప్రయాణం. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తెరిచి చూశాను. ఒక్కో పేజీ పైన ఒక్కో పేరు: మంచం, మెట్లు, అడ్డా, గ్రేటౌన్, మూయి, తుగేలా, గేటు. ప్రతి పేరు కిందా పది పన్నెండు వాక్యాలు, ఎర్ర సిరాతో దిద్దుకున్నవి. వెనక్కి తిప్పితే ఇంకో భాగం ఉంది, దానికి అత్త తిట్లు అని పేరు పెట్టి, తారీకుతో సహా అన్నీ రాసుకుంది. మేక మేత కూడా ఉంది. దాని పక్కన నక్షత్రం గుర్తు వేసుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే అన్నా, నేనూ, ఆమే బయల్దేరి ఆసుపత్రికి వెళ్ళాం. నర్సమ్మకి కొమ్మ చూపిస్తే చాలు, ఎందుకొచ్చామని అడగలేదు. ఆ మంచం మీద ఇప్పుడు ఇంకెవరో ముసలాయన ఉన్నాడు. కొమ్మ చూసి కాళ్ళు పక్కకి జరుపుకున్నాడు.

"పిలుచుకో తల్లీ, మీవాణ్ణి పిలుచుకో. నన్ను మాత్రం పిలవకు, నా బిడ్డలు శనివారం వస్తామన్నారు" అన్నాడు.

నొమాలంగా భుజాల మీద శాలువా సర్దుకుని కొమ్మ రెండు చేతులా పట్టుకుంది. రేగు కొమ్మకి ముళ్ళు జంటగా ఉంటాయి, ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా. ఒకటి వేలికి గుచ్చుకుని రక్తం చుక్క వచ్చింది, ఆమె చూసుకోలేదు.

"మ్వెలాసె" అని వంశం పేరుతో మొదలుపెట్టింది. "నాన్నా, నేను నొమాలంగాని. నిన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాను. పెదనాన్న వచ్చాడు, అత్త వచ్చింది. లే నాన్నా, పోదాం."

పాఠం అప్పజెప్పినట్టే ఉంది. కానీ ఒక్క తప్పు లేదు. మెట్ల దగ్గర మెట్ల పేజీ, అడ్డా దగ్గర అడ్డా పేజీ. వ్యానులో మా నలుగురికీ నాలుగు సీట్లు తీసుకున్నాం, కిటికీ పక్కది వెలాఫికి. డ్రైవరు కొమ్మ చూడగానే పాటలు కట్టేశాడు. గ్రేటౌన్‌లో, "నాన్నా, ఇక్కడ దిగాలి, వేరే బండెక్కాలి" అని రెండుసార్లు చెప్పి దింపింది, రెండో వ్యానులో మళ్ళీ కిటికీ పక్కనే కూర్చోబెట్టింది. మా అన్న నావైపు చూసి తలూపాడు. ఆయన తలూపడం నేను జీవితంలో మూడుసార్లు చూసుంటాను. హమ్మయ్య, ఇక రెండు నదులే కదా అనుకున్నాను.

కొండ సగం దిగాక వ్యాను పొగలు కక్కి ఆగిపోయింది.

డ్రైవరు మూత ఎత్తి చూసి దండం పెట్టేశాడు. "అమ్మలూ, అయ్యలూ, ఇది ఇవాళ కదలదు. దిగండి." అందరూ మూటలతో దిగారు. మిట్టమధ్యాహ్నం, చుట్టూ రాళ్ళూ కలబందలూ తప్ప నీడ లేదు. అంతలో వెనకనుంచి ఒక పికప్ బండి వచ్చి ఆగింది, వెనక ఏడెనిమిది మేకలు. "తుగేలా దాటి వెళ్తున్నా. మేకలతో సర్దుకుంటానంటే ఎక్కండి, తొందరగా!" అన్నాడు అతను.

అందరూ దిగారు, వెలాఫి తప్ప. ఎందుకంటే వాడికి ఎవరూ చెప్పలేదు.

నొమాలంగా వ్యాను తలుపు దగ్గర నిలబడిపోయింది. "నాన్నా" అంది. "నాన్నా, ఇక్కడ..." ఆగింది. గ్రేటౌన్‌లో చెప్పిన మాట కూడా కంగారులో ఎగిరిపోయింది. నావైపు చూసింది. పుస్తకం నా సంచిలోనే ఉంది, కానీ ఏ పేజీ తీసివ్వను? మంచం ఉంది, మెట్లున్నాయి, గ్రేటౌనుంది. బండి చెడిపోవడం లేదు, మేకలు లేవు. ఆ మాటలు నా నాలుక చివర మంటలా ఉన్నాయి, రెండో గొంతు వినపడకూడదు గనక ఒక్కటి కూడా అందించడానికి లేదు. ఆమె పెదాలు కదిలాయి, ఇంగ్లీషు మాట ఒకటి బయటికి రాబోయి ఆగిపోవడం నాకు కనపడింది. నుదుటిమీద చెమట ధారగా కారుతోంది. పికప్ అతను హారను కొట్టాడు.

నాకు డండీ బస్సు గుర్తొచ్చింది. ఈ వ్యానుని సాయంత్రం ఎవరో తాడు కట్టి లాక్కుపోతారు, కిటికీ పక్కన వాడు అలాగే కూర్చుని పోతాడు. ఈసారి తీసుకురావడానికి అమ్మ లేదు.

మా అన్న ముందుకొచ్చి, కొమ్మ కోసం చెయ్యి చాపాడు. కోపంగా కాదు. చాల్లేమ్మా, ఇంతదాకా తెచ్చావు అన్నట్టు. నొమాలంగా ఆ చేతిని చూసింది, ఒకడుగు వెనక్కి వేసింది, కొమ్మని గుండెలకి అదుముకుంది. తర్వాత వ్యానులోకి తల పెట్టి అరిచింది.

"నాన్నా! ఇంకా అక్కడే ఉన్నావా? ఒళ్ళు కదలదా? పొద్దు నీకోసం ఆగుతుందా? బండి చచ్చిపోయింది, అందరూ దిగిపోయారు, నువ్వొక్కడివే మహారాజులా కూర్చున్నావేం! దిగు! దిగి ఆ మేకల బండెక్కు! మేకలైతే ఏం, నువ్వేమన్నా పెళ్ళికొడుకువా? పాపం పెదనాన్న ఆ మోకాళ్ళతో ఎండలో నిలబడ్డాడు, కళ్ళు లేవా నీకు? ఏంటి, మళ్ళీ డండీ దాకా పోదామనుకుంటున్నావా? దిగమంటుంటే!"

రోడ్డుమీద అందరూ ఇటు తిరిగారు. పోయినవాళ్ళతో అలా మాట్లాడరు. తల వంచుకుని, మెత్తగా, బతిమాలుతున్నట్టు మాట్లాడతారు. పికప్ అతను హారను మీదనుంచి చెయ్యి తీసేశాడు. మూట నెత్తిన పెట్టుకున్న ఒక ముసలావిడ పక్కావిడతో, "ఇలా పిలిస్తే నేనైతే చచ్చినా లేస్తానమ్మా" అంది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత రోడ్డుమీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. నా చెవుల్లో ఇంకా ఆ గొంతు మోగుతోంది. మా అమ్మని ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. అమ్మ పోయి ఇరవయ్యెనిమిదేళ్ళు. ఆ విరుపు, ఆఖరి మాటని అలా ఎత్తి కొట్టడం, అన్నీ అమ్మవే. నేను మిషను తొక్కుతూ విసిరిన తిట్లని తారీకులు వేసి దాచుకుని, ఎవరికి చెందాలో వాళ్ళకి అందించింది. మా అన్న చాపిన చెయ్యి దించుకున్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. నాతో మెల్లగా, "దిగాడే" అన్నాడు. "అలా పిలిచాక దిగకుండా ఎక్కడికి పోతాడు?"

పికప్ వెనక మేకల్ని ఒక మూలకి నెట్టి ఎక్కాం. కిటికీ లేదు గనక వెలాఫికి అంచు పక్కన చోటు వదిలాం. అక్కడినుంచి ఆ పిల్ల నోరు మూయలేదు. పేజీలన్నీ ఎటు పోయాయో. "నాన్నా, మూయి నది వచ్చింది, గట్టిగా పట్టుకో. నాన్నా, ఈ తెల్ల మేక నా శాలువా తింటోంది. నాన్నా, అమ్మ బాగుంది, ఇంకా నీ టోపీ మేకుకే ఉంచింది. నేను ఉద్యోగంలో పెద్దదాన్నయ్యాను, నా కింద ఇద్దరున్నారు. నువ్వు నిద్రలో ఏం చెప్పేవాడివి నాన్నా? నేనిప్పుడైతే వింటాను." తప్పులు కుప్పలు తెప్పలు. అంగిలి మీద పలకాల్సింది బుగ్గలో పలికింది, సగం మాటలు వాళ్ళమ్మ భాషవి. నేను ఒక్కటీ లెక్కపెట్టలేదు. తుగేలా వంతెన మీద గాలి కొట్టి శాలువా ఎగిరింది. "నాన్నా, తుగేలా! ఇది దాటితే మనదే!" అని నీళ్ళవైపు తిరిగి అరిచింది. అరిచి నవ్వింది. ఆ నవ్వు వినగానే మూడేళ్ళుగా నా భుజాల మీద ఉన్న మూట ఎవరో దించినట్టనిపించింది. ఒక మేక మెడ పట్టుకుని మనసారా ఏడ్చాను, అది కూడా ఏమీ అనుకోలేదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆ రోజునుంచి వెలాఫి నా కలలోకి రాలేదు.

ఎండ వాలేవేళకి గేటు దాటాం. ఆమె గేటు పేజీ కూడా చూడకుండానే చెప్పింది. గుండ్రటి పెద్దింట్లో, వెనక గోడ వారన, పెద్దల చోట కొమ్మని పడుకోబెట్టి, "కూర్చో నాన్నా. వచ్చేశాం" అంది. మా అన్న తండ్రుల పేర్లూ తాతల పేర్లూ వరసగా పిలిచాడు. కొమ్మ ఆకులు మేక తింటే మనిషి ఇల్లు చేరినట్టే. కట్టేసి ఉంచిన మేకని లోపలికి తెస్తే అది ఆ కొమ్మ ఆకులు ఒక్కొక్కటీ తీరిగ్గా తినేసింది. దాని నిదానం చూసి అన్నా నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

అప్పుడు ఆమెకి మాట్లాడే వీలొచ్చింది. కొమ్మ పట్టుకున్నప్పటినుంచి మాలో ఎవరితోనూ పలకలేదు. కాళ్ళీడ్చుకుంటూ బయటికొచ్చి, గుమ్మం పక్క చాప మీద నా ఎదురుగా కూలబడింది. పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి, మొహమంతా దుమ్ము, వేళ్ళనిండా ముళ్ళ గాట్లు. అందరం ఆమె ఏమంటుందోనని చూస్తున్నాం. ఆమెకి అదేమీ పట్టలేదు, కళ్ళు సగం మూతలు పడుతున్నాయి.

"అత్తా, నీళ్ళు" అంది, మా భాషలో.

తను ఏ భాషలో అందో ఆ పిల్లకి తెలీలేదు. నేను ఆమె మొహం చూస్తూ అలాగే కూర్చుండిపోయాను. లేవాలని తోచలేదు.

ఆమె ఒక కన్ను తెరిచింది.

"ఇంకా అక్కడే ఉన్నావా? ఒళ్ళు కదలదా?"

నేను లేచి నీళ్ళకి పరుగెత్తాను.